జెండా మారకముందే కట్టాల్సిన కార్యాలయం

ప్రశ్న: హాంకాంగ్‌ను బ్రిటన్ 1997లో చైనాకు అప్పగించింది కదా. తాను పాలించిన ఊళ్లోనే కొత్తగా కాన్సులేట్ కట్టుకోవడం ఎందుకు? ప్రభుత్వ భవనాల్లో ఒకటి ఉంచేసుకుంటే సరిపోయేది కాదా?

జవాబు: సరిపోదు. ఆ భవనాలు హాంకాంగ్ ప్రభుత్వానివి. 1997 జూన్ 30 అర్ధరాత్రి అధికారంతో పాటే అవీ కొత్త ప్రభుత్వం చేతికి వెళ్లాయి. జూలై 1 నుంచి బ్రిటన్ అక్కడ పరాయి దేశం. పరాయి దేశం కాన్సులేట్ పెట్టాలంటే ఆతిథ్య దేశం ఒప్పుకోవాలి. అది ఏ ఊళ్లో, ఏ స్థాయిలో, ఎంత పరిధితో ఉండాలన్నదీ ఆ దేశం ఆమోదించాలి. ఇది 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 4వ అధికరణం. అందుకే హాంకాంగ్ అప్పగింతపై బ్రిటన్, చైనా 1984 డిసెంబర్ 19న సంతకం చేసిన సంయుక్త ప్రకటనలోనే, అంటే పన్నెండున్నరేళ్ల ముందే, ‘బ్రిటన్ కాన్సులేట్ జనరల్ పెట్టుకోవచ్చు’ అని రాసుకున్నారు.

అనుమతి తర్వాత స్థలం. హాంకాంగ్‌లో నేల దాదాపుగా అంతా లీజు మీదే ఉంటుంది. సంయుక్త ప్రకటన ప్రకారం అప్పగింత దాకా ఇచ్చే కొత్త లీజుల గడువు 2047 జూన్ 30 దాటకూడదు, అప్పటిదాకా ఏటా ఇచ్చే కొత్త భూమి, ప్రభుత్వ గృహాలకిచ్చేది పోను, 50 హెక్టార్లు మించకూడదు. హాంకాంగ్‌లోని అడ్మిరల్టీ ప్రాంతంలో బ్రిటిష్ వాస్తుశిల్పి టెర్రీ ఫారెల్ రూపకల్పన చేసిన కాన్సులేట్ భవనం 1996లో పూర్తయింది. ముందే ముగించడంలోనే తెలివి ఉంది. రహస్య సమాచార గదులు, తాళాలు, తీగలు బిగించే పని అధికారం మారాక మిగిలితే, దాన్ని ఇంకో ప్రభుత్వం కళ్లెదుట, దాని అనుమతులతో చేయాల్సి వస్తుంది.

ప్రశ్న: ఇంగ్లిష్ బోధన, సాంస్కృతిక కార్యక్రమాలు నడిపే బ్రిటిష్ కౌన్సిల్‌ను కూడా కాన్సులేట్ లోపలే పెడితే ఖర్చు కలిసొచ్చేది కదా?

జవాబు: చాలామంది పొరబడేది ఇక్కడే. వియన్నా ఒప్పందం 31వ అధికరణం ఇచ్చే రక్షణ కేవలం కాన్సులర్ పనికే వాడే భాగానికి వర్తిస్తుంది. కార్యాలయాధిపతి ఒప్పుకోకుండా స్థానిక పోలీసులు ఆ భాగంలో అడుగుపెట్టకూడదు. అగ్నిప్రమాదం లాంటి తక్షణ రక్షణ అవసరమైనప్పుడు మాత్రం ఒప్పుకున్నట్టే లెక్క. అదే అంతస్తులో ఇంగ్లిష్ తరగతులు, గ్రంథాలయం నడిపితే ‘కేవలం’ అన్న మాటకే తూట్లు పడతాయి. 55వ అధికరణం దారి చూపిస్తుంది: అదే భవనంలో ఇతర సంస్థలు ఉండవచ్చు, కానీ వాటి గదులు విడిగా ఉండాలి, వాటిని కాన్సులేట్ ఆవరణగా లెక్కించరు.

అడ్మిరల్టీలో కాన్సులేట్‌ది సుప్రీం కోర్ట్ రోడ్ 1వ నంబరు, కౌన్సిల్‌ది 3వ నంబరు. పొరుగునే ఉన్నా చిరునామాలు వేరు. ఇలాంటి ప్రణాళిక వేసేవారు గుమ్మం, మెట్లు, లిఫ్టు, కంప్యూటర్ తీగలు, కాపలా అన్నీ మొదటి నక్షాలోనే విడదీయాలి. తర్వాత గోడ కట్టి విడదీద్దామంటే అగ్నిమాపక దారులు కుదరవు. పైగా విద్యార్థులు రోజంతా వస్తూపోతూ ఉండే చోట కాన్సులేట్ స్థాయి సోదాలు పెడితే జనం రావడం మానేస్తారు. జనం రాని సాంస్కృతిక కేంద్రం ఎవరికి ఉపయోగం?

ప్రశ్న: దస్త్రాలు, పాస్‌పోర్టుల సంగతి?

జవాబు: దస్త్రాలను మూడు కుప్పలు చేయాలి: కొత్త ప్రభుత్వానికి అప్పగించేవి (భూమి, జనన మరణాల రికార్డులు), స్వదేశానికి పంపేవి, కాన్సులేట్‌కు రోజూ కావాల్సినవి. మూడోది చిన్నదిగా ఉండాలి.

బీఎన్‌ఓ (బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్, హాంకాంగ్ వాసులకు బ్రిటన్ ఇచ్చిన హోదా) పాస్‌పోర్టులను అప్పటిదాకా హాంకాంగ్ ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చేది. అప్పగింతతో ఆ పని కాన్సులేట్ మీద పడింది. అప్పట్లో వీటికి అర్హులు 30 లక్షలకు పైనే, కాబట్టి కౌంటర్లు, వేచి ఉండే హాలు ఆ రద్దీకి తగ్గట్టు ఉండాల్సి వచ్చింది. ఇంకో చిక్కు: బీఎన్‌ఓ ఉన్న చైనా జాతీయులకు హాంకాంగ్‌లో బ్రిటిష్ కాన్సులర్ రక్షణ దక్కదని చైనా ముందే చెప్పింది. అంటే పాస్‌పోర్టు ఇచ్చే కౌంటరుకే రక్షణ ఇచ్చే వీలు లేదు, దాన్ని సిబ్బంది మొదటి రోజు నుంచే స్పష్టంగా చెప్పగలగాలి.

ప్రశ్న: మన దగ్గర ఇలాంటిది జరిగిందా?

జవాబు: పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల విషయంలో జరిగింది. వాటి పాలన 1954 నవంబర్ 1న ఫ్రాన్స్ నుంచి భారత్‌కు వచ్చింది. అప్పగింత ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలయ్యాయి, 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. పుదుచ్చేరిలో ఫ్రాన్స్ నడిపే పరిశోధన సంస్థ ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ మాత్రం 1955లోనే తెరుచుకుంది, చట్టపరమైన బదిలీకి ఏడేళ్ల ముందు. పౌరసత్వం ఎంచుకునేందుకు 1962లో జనానికి దొరికిన గడువు ఆరు నెలలే.