కాంపోనెంట్లన్నీ ఒకచోట పెట్టుకుందామంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అన్నా, మేము కావలి, నెల్లూరు, ఒంగోలులో వెబ్‌సైట్లు చేసే పదిహేను మందిమి. షాపులు, స్కూళ్లు, రొయ్యల వ్యాపారులు మా క్లయింట్లు. ఒకరు చేసిన ఫారమే ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాం. అందరి కాంపోనెంట్లూ, అంటే ఫారం, కార్డు లాంటి మళ్లీ మళ్లీ వాడుకునే పేజీ ముక్కలు, ఒక జాబితాగా పెట్టుకోవాలని, నెలలో రెండొందల కాంపోనెంట్లు పోగేయాలని అనుకున్నాం. ఇది సరైన దారేనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: చాలా మంచి పని తమ్ముడూ, కానీ ఆ రెండొందల టార్గెట్ ఈరోజే వదిలేయండి. బటన్లు, స్లైడర్లు, పాపప్‌లు బూట్‌స్ట్రాప్ అనే ఉచిత కిట్ ఏళ్లుగా ఇస్తోంది, అందరూ కోడ్ పంచుకునే ఎన్‌పీఎంలో అయితే కుప్పలు. వాటినే మళ్లీ పేర్చితే మీ పదిహేను మంది కూడా ఆ జాబితా తెరవరు. బయట దొరకనివి, మన దగ్గర రోజూ కావాల్సినవి పెట్టండి.

రొయ్యల రేట్ల పట్టికే తీసుకోండి. 30 కౌంట్, 50 కౌంట్, 100 కౌంట్, అంటే కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు, ఒక్కోదానికి ఒక్కో రేటు. చెరువు గట్టు మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ పట్టుకున్న రైతుకి అంకెలు కనపడాలి, సిగ్నల్ లేక నిన్నటి రేటే కనిపిస్తుంటే అది నిన్నటిదని తేదీతో సహా తెలియాలి, లేకపోతే ఆయన పాత రేటు చూసుకుని బేరానికి కూర్చుంటాడు. ఇలాంటిది ఒక్కటి బాగా చేసిపెట్టారంటే మీ జాబితాకి అదే ప్రాణం.

రెండోది, తెలుగు అక్షరాలు. ఒక బట్టల షాపు సైటులో కార్డు మీద పేరు ‘లక్ష్మి’ అని పెడితే ఫోన్‌లో ‘లక్షి’ అని కనపడింది. కింద ఉన్న మ ఒత్తు తెగిపోయింది! ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్ (వరుస ఎత్తు) పెట్టి, ఆ ఎత్తు దాటి బయటికి వచ్చింది దాచేయమని కోడ్‌లో రాశారు, అంతే. అదే పేరు మన కంటికి రెండు అక్షరాలు, కంప్యూటర్ లెక్కలో ఏడు. ‘ఇన్ని అక్షరాల దగ్గర ఆపు’ అని కోడ్ రాస్తే అక్షరం నడుమనే కోసేస్తుంది. అందుకే అక్షరాలు కాకుండా వరుసలు లెక్కపెట్టి ఆపే కార్డు చేయండి. ప్రతి కాంపోనెంట్‌నీ ఒత్తులున్న పేరుతో, పొడవాటి ఊరి పేరుతో పరీక్షించాకే లోపలికి రానివ్వండి.

ఇంకో మాట, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. క్లయింట్ డబ్బులిచ్చి చేయించుకున్న కోడ్‌ని అడగకుండా జాబితాలో పెట్టకండి. బయటి నుంచి తెచ్చింది అయితే లైసెన్స్ చూడండి. కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో అందరికీ కనపడుతుంది కదా అని వాడుకోకూడదు, లైసెన్స్ రాయలేదంటే హక్కులన్నీ రాసినవాళ్లవే. ఎంఐటీ లైసెన్స్ ఉంటే వాడుకోవచ్చు, వాళ్ల పేరూ లైసెన్స్ పాఠమూ మాత్రం తీసేయకూడదు.

పెట్టాక చూసుకునేదెవరు? 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అని పదకొండు లైన్ల చిన్న కోడ్‌ని రాసినాయన ఎన్‌పీఎం నుంచి తీసేస్తే దాని మీద ఆధారపడ్డ ప్రాజెక్టులు ప్రపంచమంతా ఆగిపోయాయి. మీదీ అంతే, ఒకరు కోపమొచ్చో ఉద్యోగం మారో తన రెపో (కోడ్ పెట్టిన ఫోల్డర్) తీసేస్తే మిగతా పద్నాలుగు మందికీ, వాళ్ల క్లయింట్లకీ టెన్షన్. కాబట్టి కోడ్ ఉమ్మడి ఖాతాలో ఉండాలి, పాత వెర్షన్లు చెరపకూడదు, ఒక్కోదానికీ ఎవరు చూసుకుంటున్నారో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో పక్కనే రాయాలి. ఆరు నెలలు ఎవరూ పట్టించుకోనిదాన్ని ‘పాతది’ అని గుర్తుపెట్టి పక్కకి జరపండి, మొహమాటపడొద్దు. ఇద్దరు వేర్వేరు సైట్లలో వాడి బాగుందన్నవే చేర్చుకుంటూ పోతే మొదటి నెల పది వచ్చినా చాలు.

ప్రశ్న: మా జాబితా అంతా రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలోనే ఉండాలని మావాళ్లు అంటున్నారు. గ్రానైట్ షాపుల సైట్లు నేను వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు చేసే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో) చేస్తాను, నా సంగతేంటి?
– మరో పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీరే సరైన ప్రశ్న అడిగారు. అందరూ ఒకే దాంట్లో పనిచేయనప్పుడు ముందు మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌తో చేయండి, అది చాలనప్పుడే వెబ్ కాంపోనెంట్‌గా రాయండి. బ్రౌజర్‌కే అర్థమయ్యే సొంత ట్యాగ్ అది, వర్డ్‌ప్రెస్ పేజీలోనూ పనిచేస్తుంది, రియాక్ట్‌లోనూ పనిచేస్తుంది. చదరపు అడుగుల లెక్క వేసే ఫారం మీ దగ్గర ఉండే ఉంటుంది, ముందు దాన్నే అలా మార్చి కావలి వాళ్లకి పంపండి.