బొగ్గు-పుదీనా సబ్బుతో మొహం బిగుసుకుపోతుంటే

చేత్తో చేసిన బొగ్గు-పుదీనా సబ్బుతో రెండు పూటలా మొహం కడుగుతుంటే చర్మం బిగుసుకుపోతోంది, ముక్కు పక్కన పొట్టు లేస్తోంది అన్నారు కదండీ. తప్పు బొగ్గుది కాకపోవచ్చు. నూనెల్లో కాస్టిక్ సోడా కలిపి చేసే సబ్బుల పీహెచ్ (ఈ అంకె ఎంత పెరిగితే క్షారగుణం అంత ఎక్కువ) 9–10 దాకా ఉంటుంది, మన చర్మానిది 5 చుట్టుపక్కల. అందుకే జిడ్డుతోపాటు చర్మానికి కావలసిన నూనె కూడా పోతుంది. కడిగేటప్పుడు తగిలే చల్లదనం పుదీనాలోని మెంథాల్ వల్ల, దాన్ని చూసి ఇంకాస్త రుద్దకండి.

పొట్టు తగ్గేదాకా ఈ సబ్బు మొహానికి ఆపేసి వీపుకి వాడుకోండి. తర్వాత రాత్రి ఒక్కపూటే, అదీ అరచేతుల్లో నురగ చేసి రాయండి. బిళ్ళతో నేరుగా రుద్దితే బొగ్గు పొడి గరుకుగా తగలొచ్చు. తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. అయినా మంట, ఎరుపు తగ్గకపోతే టెన్షన్ పడుతూ కూర్చోకుండా స్కిన్ డాక్టర్‌కి చూపించండి.