పాణి అంటే నీళ్లు

ప్రశ్న: టీచరుగారికి నమస్కారాలు. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకుని బీఈడీ పూర్తి చేశాను. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మల్కనగిరి జిల్లాలో, బలిమెల జలాశయం నడుమ ఉన్న ఒక కొండపల్లెకు పాఠాలు చెప్పడానికి వచ్చి 22 రోజులైంది. చుట్టూ నీళ్లే. నాటుపడవ తప్ప వేరే దారి లేదు. హాజరు పట్టీలో 31 మంది ఉన్నారు, వచ్చేది తొమ్మిది మంది. వాళ్లూ నోరు విప్పరు. ఏమి అడిగినా తల దించుకుంటారు. ఫోను కలవాలంటే గుట్ట ఎక్కాలి. రాత్రిళ్లు ఏడుపు వస్తోంది. అమ్మ వచ్చేయమంటోంది. నాకు చదువు చెప్పడం చేతకాదేమో అనిపిస్తోంది. ఊళ్లో పెద్దవాళ్లకు కొంత తెలుగు వచ్చు, పిల్లలకు తెలుగులో చెప్పి చూడనా?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ నీళ్లు నాకు తెలుసు. బలిమెల ఆనకట్ట పనికి వచ్చిన తాపీమేస్త్రి కూతుర్ని నేను. 1984లో ఆ నీళ్లకు అవతలి పల్లెలోనే నేను పాఠాలు చెప్పిన మొదటి బడి. 2018 జూలైలో ఆ నీళ్ల మీద గురుప్రియ వంతెన ప్రారంభమయ్యాక దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. 910 మీటర్లు. ఒకప్పుడు అవతలికి చేరడానికి లాంచీ కోసం సగం రోజు రేవులో కూర్చున్నదాన్ని. నీ పల్లెకు ఇంకా పడవే గతి అంటే, పడవ కోసం ఎదురుచూసే ఆ సాయంత్రాలు ఎంత బరువుగా ఉంటాయో నాకు తెలియనిది కాదు.

నీకు చేతకాకపోవడం కాదు. నువ్వు ఆ పిల్లలతో ఏ భాషలో మాట్లాడుతున్నావు? ఒడియాలోనే కదా. అది వాళ్ల అమ్మలు మాట్లాడే భాష కాదు.

నా చిన్నప్పటి సంగతి చెబుతాను. ఆరేళ్ల వయసులో నన్ను ఒడియా బడిలో వేశారు. రెండో రోజో మూడో రోజో మాస్టారు నన్ను చూసి, ‘పాణి ఆణ’ అన్నారు. నీళ్లు తెమ్మని. నాకు ‘పని’ అని వినిపించింది. గబగబా వెళ్లి చీపురు తెచ్చి గది ఊడవడం మొదలుపెట్టాను. తరగతి అంతా నవ్వింది. ఆ తర్వాత చాలా నెలలు నేను ఆ బడిలో నోరు తెరవలేదు. మొద్దు పిల్ల అన్నారు. మాస్టారు మంచివారే. నాకు అర్థం కావడం లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు, అంతే. నీ ముందు తల దించుకున్న పిల్లలను తలుచుకుంటే నాకు ఆ చీపురు గుర్తొస్తోంది.

అందుకని ఒక నెల పాటు పాఠ్యపుస్తకం పక్కన పెట్టు. ముందు నువ్వు విద్యార్థినివి కా. నేను పనిచేసిన పల్లెలో కొంధు గిరిజనులు కువి అనే భాష మాట్లాడేవారు. ఇంటిని వాళ్లూ ‘ఇల్లు’ అనే అంటారని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కువి కూడా ద్రావిడ భాషే. తెలుగు చెవికి కొన్ని మాటలు ఎక్కడో విన్నట్టే ఉంటాయి. నీ పల్లె దిదాయి గిరిజనులదైతే ఈ సులువు ఉండదు. వాళ్లది ముండా కుటుంబానికి చెందిన భాష, ఇంకా ఓపిక కావాలి. ఏ భాష అయినా పిల్లలనే గురువులను చేసుకో. రాయి చూపించి పేరు అడుగు, చేప చూపించి అడుగు, నోట్‌బుక్‌లో రాసుకో. తప్పు పలుకుతావు, నవ్వుతారు. నవ్వనీ. టీచరు కూడా తప్పు పలకవచ్చని తెలిసిన పిల్లకు తానూ నోరు తెరవాలనిపిస్తుంది. నా దగ్గర మొదట పెదవి విప్పిన పిల్ల నన్ను సరిదిద్దడానికే విప్పింది.

ఇది నేను కనిపెట్టిన దారి కాదు. మన పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవర తెలిసిన కుర్రవాణ్ని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. దాని వెనుక ఎన్నేళ్ల వినికిడి ఉందో ఊహించు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే మనం ఆయనను తలుచుకుంటాం. సవర పిల్లల మాస్టారుగా తలుచుకోవడం నాకు ఇంకా ఇష్టం.

నీకు ఇప్పుడు ఆయనకు లేని వసతి ఉంది. ఒడిశాలో 2006లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కింద కువి, కోయ, బొండా, సవర వంటి భాషల్లో ఒడియా లిపితో వాచకాలు వచ్చాయి. బ్లాకు విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లి అడుగు. ఒకసారి లేవంటే మళ్లీ వెళ్లు. పిల్లలు తమ మాటను అచ్చులో చూసుకున్నాక, దాని పక్కనే ఒడియా మాట పెట్టు. తెలుగు మాత్రం పెద్దలతో మాట్లాడటానికి ఉంచుకో. పిల్లల మీద మూడో బరువు వద్దు.

ఇక రాని 22 మంది. ఇది ఇప్పపూల కాలం. తెల్లవారుజామునే రాలిన పూలు ఏరకపోతే ఆ ఇంటికి సంత రోజున ఉప్పు, నూనె రావు. పిల్లలు తప్పించుకు తిరగడం లేదు, పనిలో ఉన్నారు. బడి కాస్త పొద్దెక్కాక పెట్టుకో. చెల్లినో తమ్ముణ్నో చంకన వేసుకుని వచ్చే ఆడపిల్లను గుమ్మంలో ఆపవద్దు, చంటిదానికి చాప వెయ్యి. సంత రోజున బడి మూసి నువ్వూ సంతకు వెళ్లు. తల్లులు నీతో మాట్లాడేది అక్కడే.

ఏడుపు సంగతి. నేనూ మొదటి వర్షాకాలం అంతా ఏడ్చాను. సాయంత్రం దీపం వేళకు ఏదో ఒక ఇంటి అరుగు మీద కూర్చో. వాళ్లు ఇచ్చిన మండియా అంబలి తాగు. అది మన చోడి అంబలే, అంటే రాగి అంబలి. అమ్మకు వారంలో ఫలానా రోజు ఫోను చేస్తానని చెప్పి, ఆ మాట తప్పకు. మూడు నెలల తర్వాత కూడా ఉండలేననిపిస్తే వచ్చేయి, తప్పేమీ లేదు. కానీ వెళ్లే తేదీ పిల్లలకు ముందే చెప్పు. చెప్పకుండా పడవ ఎక్కిపోయిన టీచర్లను ఆ పిల్లలు ఎంతమందిని చూశారో.

ప్రశ్న: జయపురం నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి కూడా అటువైపే చదువు చెప్పడానికి జూలైలో వెళతానంటున్నాడు. ఏమి ఇచ్చి పంపాలి?

జవాబు: అయ్యా, ముందు దోమతెర. మల్కనగిరి అడవుల్లో మెదడుకు ఎక్కే రకం మలేరియా ఉంది. జ్వరం వస్తే తెల్లారేదాకా చూద్దామని ఆగవద్దని, వెంటనే ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించుకోమని, జ్వరం తగ్గినా మందు మొత్తం మింగమని గట్టిగా చెప్పండి. నీళ్లు కాచి తాగాలి. లైఫ్ జాకెట్ మీరే కొనివ్వండి, పడవలో ఉంటుందిలే అనుకోకండి. గాలి లేస్తే ఎంత అవసరమైనా పడవ ఎక్కవద్దని మాట తీసుకోండి.

వీలైతే రేవు దాకా వెళ్లి దిగబెట్టి రండి. నేను లాంచీ ఎక్కిన రోజు మా నాన్న సిమెంటు అంటిన చేతులతో ఒక టార్చిలైటు, నాలుగు బ్యాటరీలు నా సంచిలో పెట్టారు. ఆ టార్చిలైటు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.