బంతి వాళ్లది, కప్పు వీళ్లది

ప్రశ్న: 2025 మహిళల చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్ జట్ల ఫుట్‌బాల్ టోర్నీ) ఫైనల్లో బంతి ఎక్కువసేపు బార్సిలోనా దగ్గరే ఉంది. ఆర్సెనల్ ఒక్క గోల్ కొట్టి కప్పు పట్టుకుపోయింది. ఇది అదృష్టం కాక మరేమిటండీ? - ఒక బార్సిలోనా అభిమాని

జవాబు: మీ బాధ అర్థమైంది. వరసగా అయిదో ఫైనల్ ఆడుతున్న జట్టు, సెమీస్‌లో చెల్సీని రెండు మ్యాచుల్లోనూ 4-1తో చిత్తు చేసిన జట్టు అలా ఓడిపోతే ఎవరికైనా మనసొప్పదు. అయినా అదృష్టం అంటే మాత్రం నేను ఒప్పుకోను. మే 24న లిస్బన్‌లో జరిగిన ఆ మ్యాచ్ వీలుంటే మళ్లీ పెట్టుకోండి. ఈసారి బంతిని వదిలేసి, బంతి లేని ఆర్సెనల్ అమ్మాయిలను చూడండి. ఐతానా బొన్మతి, అలెక్సియా పుతెయాస్ లాంటి బార్సిలోనా స్టార్లకు మిడ్‌ఫీల్డ్‌లో ఊపిరాడనివ్వలేదు. బార్సిలోనా దగ్గర బంతి ఉంది గానీ, వాళ్లకు అలవాటైన తీరిక లేదు. సెకండాఫ్ మొదట్లో క్లాడియా పీనా షాట్ క్రాస్‌బార్‌కు తగిలిన మాట నిజమే. మరి ఫస్టాఫ్‌లో ఆర్సెనల్‌కు వచ్చిన గోల్ ఆఫ్‌సైడ్ కింద చెల్లకుండా పోయింది కదా, దాన్నీ లెక్కలో వేయాలి.

ఇక గోల్ సంగతి. 67వ నిమిషంలో ఆర్సెనల్ కోచ్ రెనీ స్లెగర్స్ బెత్ మీడ్‌నూ స్టీనా బ్లాక్‌స్టీనియస్‌నూ ఒకేసారి దింపింది. కాసేపటికే బ్లాక్‌స్టీనియస్‌కు మంచి ఛాన్స్ వచ్చింది, బార్సిలోనా గోల్‌కీపర్ కాతా కోల్ ఆపేసింది. 74వ నిమిషంలో మళ్లీ వచ్చింది. మీడ్ డిఫెండర్ల సందులోంచి చిన్న పాస్ జారవిడిచింది. బ్లాక్‌స్టీనియస్ బంతిని సర్దుకుని నేలబారుగా కొట్టింది. కాలేజీలో నేను గోల్ కాసేదాన్ని, అందుకే నా చూపు ముందు కీపర్ మీదికే పోతుంది. అంత దగ్గర నుంచి కింద వచ్చే షాట్‌కు కీపర్ మొత్తం ఒళ్లంతా నేలకు దించాలి. పైకి వచ్చే బంతికైతే చేయి లేపితే చాలు, దీనికి అంత సమయం ఉండదు. కోల్‌ను తప్పుపట్టడానికేమీ లేదు.

ఆర్సెనల్ అక్కడిదాకా వచ్చిన దారి కూడా చూడండి. క్వాలిఫైయింగ్ రౌండ్ నుంచి మొదలుపెట్టారు. గ్రూపులో తొలి మ్యాచ్‌లోనే బయర్న్ మ్యూనిక్ 5-2తో ఉతికేసింది. కొద్ది రోజులకే అప్పటి కోచ్ యోనాస్ ఐడెవాల్ రాజీనామా చేశాడు. స్లెగర్స్ ముందు తాత్కాలికంగా వచ్చి, జనవరిలో పూర్తిస్థాయి కోచ్ అయింది. క్వార్టర్స్, సెమీస్‌లలో రెండేసి మ్యాచుల గోల్స్ కలిపి లెక్కేస్తారు. క్వార్టర్స్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో 2-0తో ఓడి, సొంత మైదానంలో 3-0తో తిప్పికొట్టారు. సెమీస్‌లో సొంతగడ్డ మీదే లియాన్ చేతిలో 2-1తో ఓడారు. ఆ తర్వాత లియాన్ వెళ్లి 4-1తో గెలిచారు. ఎనిమిదిసార్లు కప్పు గెలిచిన జట్టును వాళ్ల ఇంట్లోనే అలా ఓడించడం నా దృష్టిలో ఫైనల్ గెలవడం కంటే పెద్ద పని.

ప్రశ్న: ఒకప్పుడు ఫైనల్ కూడా రెండు మ్యాచులుగా ఆడేవారట, నిజమేనా?

జవాబు: నిజమే. 2002లో జరిగిన మొట్టమొదటి ఫైనల్ మాత్రం ఒక్కటే మ్యాచ్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ ఊరి జట్టే స్వీడన్ క్లబ్ ఉమియోను 2-0తో ఓడించింది. 2003 నుంచి 2009 దాకా రెండు జట్లూ ఒకరి ఊళ్లో ఒకసారి ఆడేవి. ఆర్సెనల్ మొదటి కప్పు అలా వచ్చిందే. 2007లో, బ్రెజిల్ స్టార్ మార్తా ఆడుతున్న ఉమియో మీద, వాళ్ల ఊళ్లో 1-0, సొంతగడ్డ మీద 0-0. 2010 నుంచి టోర్నీ పేరు మహిళల చాంపియన్స్ లీగ్ అయింది, ఫైనల్ ఒకే మ్యాచ్ అయింది. ఇదే నాకు ఇష్టం. ఒక ఊరు, ఒక సాయంత్రం, ఆ టెన్షనే వేరు. 2024లో బిల్బావోలోని సాన్ మమెస్ స్టేడియంలో జరిగిన ఫైనల్‌కు 50,827 మంది వచ్చారు.

ప్రశ్న: ఇండియా నుంచి ఎవరైనా ఈ టోర్నీలో ఆడారా?

జవాబు: మనీషా కల్యాణ్. 2022 ఆగస్టులో సైప్రస్ క్లబ్ అపోలోన్ తరఫున క్వాలిఫైయింగ్ రౌండ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగింది. ఈ టోర్నీలో ఆడిన తొలి భారతీయురాలు ఆమే.

ప్రశ్న: పాత ఫైనళ్లలో ఒక్కటి చూడాలంటే ఏది చూడమంటారు?

జవాబు: 2023 అని చాలామంది అంటారు. వోల్ఫ్స్‌బర్గ్ మీద హాఫ్‌టైమ్‌కు 2-0తో వెనకబడిన బార్సిలోనా 3-2తో గెలిచింది కాబట్టి. నా ఓటు 2018 కీవ్ ఫైనల్‌కు. లియాన్, వోల్ఫ్స్‌బర్గ్. తొంభై నిమిషాల్లో ఒక్క గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో 93వ నిమిషంలో పెర్నిలె హార్డర్ వోల్ఫ్స్‌బర్గ్‌కు గోల్ కొట్టింది. మూడు నిమిషాలకే ఆ జట్టు అలెగ్జాండ్రా పోప్‌కు రెడ్ కార్డు. ఇక లియాన్ గోల్స్ వరస: 98లో అమాందిన్ ఆన్రీ, 99లో యుజెనీ ల సొమెర్, 103లో అడా హెగెర్‌బర్గ్. చివరికి లియాన్ 4-1తో గెలిచింది. పది మందితో మిగిలిన జట్టు ఎలా కరిగిపోతుందో అంత స్పష్టంగా ఇంకెక్కడా చూడలేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. పెద్ద పెద్ద ప్లేయర్లకే మోకాలు దెబ్బతింటోందని విని భయమేస్తోంది. మాన్పించమంటారా? - ఒక తల్లి

జవాబు: మాన్పించకండమ్మా. మీ భయం మాత్రం ఉత్తిది కాదు. ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్ తెగడం మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగడం, ఒంటికాలి మీద ఒక్కసారిగా తిరగడం లాంటివి అందులో ముఖ్యమైన కారణాలు. హెగెర్‌బర్గ్‌కు 2020లో, పుతెయాస్‌కు 2022లో, అదే ఏడాది మీడ్‌కు, 2023లో లేయా విలియమ్సన్‌కు ఈ గాయమే అయింది. మీడ్, విలియమ్సన్ ఇద్దరూ 2023 వరల్డ్ కప్‌కు దూరమయ్యారు. అదే విలియమ్సన్ లిస్బన్ ఫైనల్లో ఆర్సెనల్ డిఫెన్స్ కాసింది. గోల్‌కు పాస్ ఇచ్చింది మీడ్. పుతెయాస్ 2024 బిల్బావో ఫైనల్లో చివర్లో దిగి, ఇంజ్యూరీ టైమ్‌లో బార్సిలోనాకు రెండో గోల్ కొట్టింది.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఫిఫా తయారుచేయించిన 11 ప్లస్ అనే వార్మప్ ఉంది. మెల్లగా పరుగు, కాళ్లకు బలం, ఒంటికాలి మీద నిలబడటం, దూకి సరిగ్గా దిగడం, అంతా కలిపి ఇరవై నిమిషాలు. క్రమం తప్పకుండా చేసే జట్లలో గాయాలు తగ్గాయని పరిశోధనల్లో తేలింది. వారానికి కనీసం రెండుసార్లు చేయిస్తున్నారా అని కోచ్‌ను అడగండి. అమ్మాయి దూకి దిగేటప్పుడు మోకాళ్లు పాదాల మీదికే వస్తున్నాయా, లోపలికి పోతున్నాయా అని మీరే ఒకసారి ఎదురుగా నిలబడి చూడండి. ఆలస్యంగా వచ్చి వార్మప్ లేకుండా నేరుగా ఆటలోకి దిగుతానంటే మాత్రం ఒప్పుకోకండి.