కనబడని జంట నక్షత్రాన్ని చుక్క ఊగిసలాటను బట్టి పట్టుకోవడం నిజంగా సాధ్యమా?

"నక్షత్రం కాస్త అటూ ఇటూ జరిగితే దాని పక్కన ఇంకోటి ఉందని ఎలా చెబుతారు? ఇంట్లో టెలిస్కోపుతో మనమూ చూడొచ్చా?" అని అడిగారు. ముప్పై ఏళ్ళు ఫిజిక్సు పాఠాలు చెప్పాను. దీనికి సరైన జవాబు మాత్రం నాకు క్లాసులో దొరకలేదు, సంక్రాంతికి మా అక్క వాళ్ళ ఊళ్ళో దొరికింది.

కనుమ రాత్రి కరెంటు పోయింది. వాకిట్లో అక్క మనవరాళ్ళిద్దరూ ఒప్పులకుప్ప తిరుగుతున్నారు. పెద్దదానికి పన్నెండేళ్ళు, బొద్దుగా ఉంటుంది. చిన్నది ఆరేళ్ళ పిల్ల. పెద్దది సెల్‌ఫోను లైటు వేసి గౌను జేబులో పెట్టుకుంది. అరుగు మీదున్న మాకు ఆ వెలుగొక్కటే కనబడుతోంది, చిన్న చిన్న సున్నాలు చుడుతూ. "ఒక్కదానివే ఏం తిరుగుతావే, కళ్ళు తిరిగి పడతావు" అని అక్క కేకేసింది. "ఒక్కదాన్నే కాదు అమ్మమ్మా, చెల్లుంది!" అని చీకట్లోంచి జవాబొచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. తిరుగుతూ తిరుగుతూ వాళ్ళు తులసికోట దగ్గర్నుంచి గేటు వైపు జరుగుతున్నారు. వెలుగు తిన్నగా పోవడం లేదు, మెలికలు తిరుగుతూ పోతోంది. చిన్నదాన్ని తప్పించి, పెద్దదానితో దాని ఈడు పిల్లను తిప్పించాను. మెలిక పెద్దదయింది. అంటే చీకట్లో ఉన్న పిల్ల బరువును ఆ వెలుగే చెప్పేస్తోంది!

జర్మన్ శాస్త్రజ్ఞుడు బెసెల్ సిరియస్ విషయంలో చేసిందిదే. సిరియస్ అంటే మన లుబ్ధకుడు, రాత్రి ఆకాశంలో అన్నిటికంటే మెరిసే చుక్క. 1755 నాటి ఇంగ్లీషు ఖగోళ శాస్త్రజ్ఞుడు బ్రాడ్లీ కొలతల దగ్గర్నుంచి తన కాలం దాకా ఉన్నవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే దాని దారి తిన్నగా లేదు. సిరియస్‌కూ, ప్రొసియాన్ అనే ఇంకో మెరిసే చుక్కకూ కనబడని తోడు ఉందని 1844లో ప్రకటించాడు. 1846లో పోయాడు, ఆ తోడును చూడనేలేదు. 1862 జనవరి 31న అమెరికాలో కటకాలు తయారుచేసే ఆల్వన్ గ్రాహం క్లార్క్ పద్దెనిమిదిన్నర అంగుళాల కొత్త కటకాన్ని పరీక్షిస్తుంటే సిరియస్ పక్కన సన్నటి చుక్క కనబడింది. ప్రొసియాన్ తోడు దొరకడానికి 1896 దాకా ఆగాల్సి వచ్చింది. సిరియస్ తోడు సైజు భూమంత, బరువు దాదాపు సూర్యుడంత. పెద్దది సూర్యుడికి రెండింతల బరువు. ఇద్దరూ ఒక చుట్టు తిరగడానికి యాభై ఏళ్ళు పడుతుంది.

ఆ ఊగిసలాటలో పెద్ద చుక్క పక్కకు జరిగేది రెండున్నర ఆర్క్ సెకన్లు. పంచాంగం వాళ్ళ భాషలో వికలలు. ఒక్క వికల అంటే నాలుగు కిలోమీటర్లకు పైగా దూరంలో పెట్టిన రూపాయి బిళ్ళ కనబడేంత వెడల్పు. దీన్ని ఏ ఒక్క రాత్రీ ఏ టెలిస్కోపూ చూపించదు. పాత లెక్కకూ కొత్త లెక్కకూ మధ్య తేడాలోనే అది ఉంటుంది. అందుకే నా దృష్టిలో ఈ పనిలో అసలు పరికరం టెలిస్కోపు కాదు, జాగ్రత్తగా దాచిన నోటు పుస్తకం.

ఇందులో మన హైదరాబాదు పాలు కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆకాశమంతా ఫొటో ప్లేట్ల మీదికి ఎక్కించాలని 1887లో పారిస్‌లో మొదలైన పనిలో ఆకాశ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని నిజామియా అబ్జర్వేటరీ తీసుకుంది. బేగంపేటలో కూర్చుని ఏళ్ళ తరబడి ఒక్కో చుక్క స్థానాన్నీ చేత్తో కొలిచారు. 2000లో వచ్చిన టైకో-2 అనే చుక్కల కేటలాగులో ఆ కొలతలూ కలిశాయి. చుక్కల స్థానాలు కొలిచిన హిప్పార్కస్ ఉపగ్రహం మూడేళ్ళ పైచిలుకు చూసి చెప్పిన వేగం, ఇలాంటి పాత ప్లేట్లతో కలిపి లెక్కగట్టిన వేగం ఒకటి కాకపోతే, ఆ చుక్కకు తోడుందని అనుమానించాలి. మా వాకిట్లోనూ అంతే. ఒక్క క్షణం చూస్తే వెలుగు పక్కకు పోతున్నట్టుంటుంది, మొత్తం చూస్తే గేటు వైపు పోతోంది.

నేను పనిచేసిన ఒక కాలేజీలో పిల్లలు పదకొండేళ్ళు రాసిన ఆకాశ పరిశీలన పుస్తకాలను, గోడలకు సున్నం వేసేటప్పుడు అడ్డమని పాత కాగితాలవాడికి కిలోల లెక్కన అమ్మేశారు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. ఆ సంఖ్యలు మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం?

పరికరం గురించి కూడా రాసుకోవాలి. బర్నార్డ్ నక్షత్రం ఊగుతోంది, దానికి గ్రహం ఉందని 1963లో వాన్ డి కాంప్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. తర్వాత చూస్తే ఊగింది చుక్క కాదు, టెలిస్కోపు కటకం బిగింపులో చేసిన మార్పుల ప్రభావం. హిప్పార్కస్ తర్వాత చుక్కల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహం మాత్రం ఇదే పద్ధతిలో, మన శ్రవణం ఉన్న గరుడ మండలంలో సూర్యుడికి ముప్పైమూడు రెట్ల బరువున్న కృష్ణబిలాన్ని పట్టింది. 2024లో ప్రకటించారు. కనబడేది తోడు చుక్క ఒక్కటే.

ఇక మీ రెండో ప్రశ్న. ఊగిసలాటను ఇంట్లో కొలవలేరు. సిరియస్ తోడును చూసే అవకాశం మాత్రం ఇప్పుడుంది, రెండూ పదకొండు వికలల దాకా ఎడంగా ఉన్నాయి. ఎనిమిది, పది అంగుళాల టెలిస్కోపుతో, గాలి నిలకడగా ఉన్న రాత్రి, సిరియస్ ఆకాశంలో బాగా పైకెక్కిన వేళ ప్రయత్నించండి. ఆలస్యం చేయకండి. మళ్ళీ దగ్గరవుతూ 2044 ప్రాంతంలో బాగా కలిసిపోతాయి. కనబడ్డా కనబడకపోయినా తేదీ, సమయం, ఏ టెలిస్కోపో రాసిపెట్టుకోండి.