డ్రామాలో చేరింది, వేషం కూడా కాదట!

"అక్కా, మేం టెక్సస్‌లోని ఫ్రిస్కో వచ్చి ఏడాదిన్నర అయింది. నాదీ పాపదీ హెచ్4 (డిపెండెంట్) వీసా. పాప తొమ్మిదో తరగతి. రోబోటిక్స్‌లో చేరమంటే థియేటర్‌లో చేరింది. పోనీ వేషమా అంటే అదీ కాదు, క్రూ అట. నల్ల బట్టలు వేసుకుని చీకట్లో కుర్చీలు జరుపుతుందట. వారంలో మూడు రోజులు రాత్రి ఎనిమిది దాటాకే ఇంటికొస్తోంది. థెస్పియన్ అవుతానంటోంది. అదేం గౌరవం, కాలేజీకి పనికొస్తుందా? మా ఆయన మాన్పించెయ్యమంటున్నారు."

మాన్పించకండి. మా అబ్బాయి ఇదే దారిలో నాలుగేళ్ళు నడిచాడు. నాకు ఇందులో తెలిసిన సగం వాడి వల్ల తెలిసింది, మిగతా సగం నేను చేసిన తప్పుల వల్ల.

ముందు ఆ థెస్పియన్ సంగతి. ఇంటర్నేషనల్ థెస్పియన్ సొసైటీ అని ఒక సంస్థ ఉంది. 1929లో వెస్ట్ వర్జీనియాలోని ఫెయిర్‌మాంట్‌లో మొదలైంది. ప్రాచీన గ్రీసులో తొలి నటుడని చెప్పుకునే థెస్పిస్ పేరు మీద ఆ పేరు. బాగా చదివే పిల్లల్ని చేర్చుకునే నేషనల్ ఆనర్ సొసైటీ అని వినే ఉంటారు, నాటకాల వైపు అలాంటిది ఇది. కాకపోతే ఇక్కడ మార్కులు చూడరు, పనిచేసిన గంటలు చూస్తారు. దాదాపు పది గంటల మంచి పనికి ఒక పాయింటు. పది పాయింట్లయితే సభ్యత్వం, అంటే సుమారు వంద గంటలు. ఆ తర్వాత 60 పాయింట్లకు ఆనర్ థెస్పియన్, 120కి నేషనల్ ఆనర్, 180కి ఇంటర్నేషనల్ ఆనర్. నటించిన గంటలకే కాదు, లైట్లు పట్టిన గంటలకు, రంగులేసిన గంటలకు, టికెట్లు చింపిన గంటలకు కూడా పాయింట్లుంటాయి. లెక్క స్కూల్లో థియేటర్ టీచర్ దగ్గరుంటుంది. పిల్లలు రాసుకోవడం మర్చిపోతారు. ఫోన్‌లో ఏ రోజు ఎన్ని గంటలో వేసుకోమని పాపకి ఇప్పుడే చెప్పండి. నాలుగో ఏడాది చివర్లో గుర్తు తెచ్చుకోవడం మావాడి వల్ల కాలేదు.

కాలేజీకి పనికొస్తుందా అంటే, ఆ సభ్యత్వం ఒక్కటి చూసి సీటిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. గ్రాడ్యుయేషన్ రోజు మెడలో వేసుకునే రంగుతాడు ఫొటోకి బావుంటుంది, అంతే. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపే కామన్ యాప్‌లో ఆనర్స్‌కి ఐదు గళ్ళుంటాయి, ఇది అందులో ఒక గడికి వెళ్తుంది. అసలు విలువ పక్కనున్న యాక్టివిటీస్‌లో ఉంది. అక్కడ పది గళ్ళు, ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలు మించకూడదు, వారానికి ఎన్ని గంటలో, ఏడాదికి ఎన్ని వారాలో కూడా అడుగుతారు. "డ్రామా క్లబ్ సభ్యురాలు" అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. "స్టేజ్ మేనేజర్, ముప్పై మంది క్రూ, మూడు నాటకాలు" అంటే చూస్తారు. స్టేజ్ మేనేజర్ అంటే తెలుసా? నాటకం మొదలయ్యాక డైరెక్టర్ వెళ్ళి ప్రేక్షకుల్లో కూర్చుంటారు. ఆ తర్వాత హెడ్‌సెట్ పెట్టుకుని ఏ లైటు ఎప్పుడు మారాలో, తెర ఎప్పుడు లేవాలో చెప్పేది పదిహేడేళ్ళ పిల్లే. ఆ మాట మీద అందరూ కదులుతారు. ఇప్పుడు కుర్చీలు జరుపుతున్న మీ పాప వెళ్ళే దారి అదే.

మీ ఆయన భయం మాత్రం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. టెక్సస్‌లో ర్యాంకు గొడవ ఉంది. ర్యాంకులో మొదటి పది శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయమనే టాప్ పది శాతం చట్టం ఉంది కానీ, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి అది 2026 అడ్మిషన్ల నుంచి ఐదు శాతానికి దిగింది. థియేటర్ మామూలు స్థాయి క్లాసు కాబట్టి, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసుకి వచ్చే అదనపు వెయిట్ దీనికి రాదు. ఇంట్లో టెన్షన్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. గ్రాడ్యుయేషన్‌కి ఫైన్ ఆర్ట్స్ ఒక క్రెడిట్ ఎలాగూ కావాలి, కాబట్టి మొదటి ఏడాది నష్టం లేదు. రెండో ఏడాది నుంచి ఆ మార్కులు జీపీఏలో కలుస్తాయో లేదో ఒక్కో స్కూల్ డిస్ట్రిక్టులో ఒక్కోలా ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో అడక్కండి, స్కూల్ కౌన్సెలర్‌ని అడగండి. ఇక చదువు పాడవుతుందన్న మాటకి ఇక్కడ చట్టమే కాపలా. ఒక సబ్జెక్టులో 70 కంటే తగ్గితే పోటీలకు పంపరు. మావాడికి కెమిస్ట్రీ మీద శ్రద్ధ పుట్టింది ఆ భయంతోనే.

పోటీలంటే ఇక్కడ పెద్దది యూఐఎల్ (టెక్సస్ స్కూళ్ళ పోటీలు నడిపే సంస్థ) వాళ్ళ వన్ యాక్ట్ ప్లే. మన పరిషత్తు నాటికల పోటీలు చూసినవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. స్కూలుకి ఒక్క నాటకం, నలభై నిమిషాలు దాటితే పోటీ నుంచి అవుట్. డిస్ట్రిక్ట్ దగ్గర మొదలై గెలిచిన కొద్దీ రాష్ట్ర స్థాయి దాకా వెళ్తుంది. నటులతో పాటు టెక్నికల్ క్రూకీ అవార్డులున్నాయి. ఏడాది మధ్యలో మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) ఒకటి వేస్తారు, దాని లోకం వేరు. డాలస్‌లో బ్రాడ్‌వే డాలస్ వాళ్ళు హైస్కూల్ మ్యూజికల్స్‌కి అవార్డులిస్తారు. అక్కడ ఉత్తమ నటుడు, నటిగా నెగ్గిన ఇద్దరూ న్యూయార్క్‌లో జిమ్మీ అవార్డ్స్‌కి వెళ్తారు. 2009లో మొదలైన ఆ పోటీకి దేశమంతటి నుంచి పిల్లలొస్తారు. మీ పాప క్రూ కదా, ఆ రంధి మీకు లేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మావాడు పదో తరగతిలో ఆడిషన్‌కి వెళ్ళాడు. ఆ ఫారంలో 'కాన్‌ఫ్లిక్ట్స్' అని ఒక గడి ఉంటుంది. ఏయే తేదీల్లో రాలేరో అక్కడ రాయాలి. నేను చూడకుండా సంతకం పెట్టాను. మా చెల్లెలి కూతురి పెళ్ళికి విజయవాడ టికెట్లు అప్పటికే కొనేశాం. పాత్ర వచ్చింది, వాడు మాటలన్నీ కంఠతా పట్టాడు. తీరా చూస్తే మా ప్రయాణం టెక్ వీక్‌లో పడింది. టెక్ వీక్ అంటే ప్రదర్శనకి ముందు వారం. లైట్లు, శబ్దం, దుస్తులు అన్నీ కలిపి రోజూ రాత్రి దాకా రిహార్సల్. ఆ వారం రాకపోతే నాటకం లేదు. టీచర్ గారు కోప్పడలేదు, పాత్ర వేరే అబ్బాయికి ఇచ్చేశారు. పెళ్ళిలో మావాడు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఫొటోల్లో ఇప్పటికీ ఆ ముఖమే కనిపిస్తుంది. మీరు ఇండియా టికెట్లు కొనేముందు రిహార్సల్ క్యాలెండర్ ఫ్రిజ్ మీద అంటించండి. ముహూర్తాలు చూసేవాళ్ళం, ఇదో ముహూర్తం అనుకుంటే సరి.

పాత్ర రాలేదని మాత్రం టీచర్‌కి మెయిల్ పెట్టకండి. మనవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ. లెక్కల మార్కులు మళ్ళీ దిద్దించినట్టు ఎవరికి ఏ పాత్రో చెప్పే క్యాస్ట్ లిస్ట్ మార్పించాలని చూస్తారు. ఆ లిస్టు తలుపు మీద పడ్డాక దేవుడు కూడా మార్చలేడు. సన్నివేశంలో ముద్దు లాంటిదేమైనా ఇబ్బందిగా ఉంటే ఆడిషన్‌కి ముందే, పాపతో మాట్లాడుకుని చెప్పండి. వింటారు.

మీరు హెచ్4 అన్నారు కదా, ఒక చిన్న మాట. స్కూల్ నాటకంలో పనిచేయడానికి వీసాతో ఏ పేచీ లేదు. బయట ప్రొఫెషనల్ థియేటర్ వాళ్ళు జీతమిచ్చి పిలిస్తే మాత్రం హెచ్4 పిల్లలు ఒప్పుకోకూడదు. స్కాలర్‌షిప్ ప్రకటనల్లో కూడా పౌరసత్వం, గ్రీన్ కార్డ్ షరతు ఉందేమో ముందు చదవండి. వ్యాసం రాశాక తెలిస్తే ఏడుపొస్తుంది.

ఖర్చు కొంత ఉంటుంది: చొక్కా, సభ్యత్వం, తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్ చందా. డబ్బు కంటే అక్కడ చేతులు ఎక్కువ కావాలి. టెక్ వీక్‌లో అరవై మంది పిల్లలకి భోజనం పెట్టడానికి తల్లిదండ్రులు వంతులేసుకుంటారు. నేను ఒకసారి పులిహోర ట్రేలు మూడు పట్టుకెళ్ళాను. పిజ్జా మిగిలింది, పులిహోర మిగల్లేదు. వేరుశనగ, జీడిపప్పు లాంటివి పడని పిల్లలుంటారు, పోపులో అవేమీ వెయ్యకండి.

మా అత్తగారిది తెనాలి. పద్య నాటకాలు తెల్లవార్లూ చూసిన మనిషి. మావాడి మ్యూజికల్‌కి తీసుకెళ్తే, ఓ అమ్మాయి పాట ముగియగానే "ఇంత బాగా పాడితే వన్స్‌మోర్ అనరేంటే" అని నా చెవిలో గట్టిగానే అడిగింది. ముందు వరుస తిరిగి చూసింది. ఇక్కడ వన్స్‌మోర్ లేదు. వీడియో కూడా తియ్యకూడదు. నాటకం హక్కులు లైసెన్స్ కట్టి తెచ్చుకుంటారు, తీస్తే స్కూలు ఇరుక్కుంటుంది.

మీ పాప చివర్లో తెర ముందుకి రాదు. నటులందరూ నమస్కరించాక ఒక్కసారి చేతులు ఎత్తి మీ వెనకవైపు, పైన లైట్లు నడిపే గదిలోకి, ఆ తర్వాత పక్క తెరలవైపు చూపిస్తారు. అది క్రూకి. ఆ క్షణంలో గట్టిగా చప్పట్లు కొట్టండి, మీ ఆయన చేతా కొట్టించండి. ఆఖరి ప్రదర్శన అయ్యాక స్ట్రైక్ ఉంటుంది, సెట్టంతా విప్పేస్తారు. ఆ రాత్రి పాపని తీసుకురావడానికి వెళ్ళేటప్పుడు కారు సీటు మీద పాత దుప్పటి పరచండి. ఆ నల్ల పెయింటు ఎంత రుద్దినా పోదు.