ఓమ్నీలో సీటు కింద సెగ: ముందు బీడింగ్ చూడండి

రూఫ్‌కి ఫోమ్, కింద మ్యాట్ వేయించినా డ్రైవర్ సీటు కింద సెగ తగ్గకపోతే, అది ఎండ వేడి కాదండీ. మారుతి ఓమ్నీ వ్యాన్ ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. పాత బండ్లలో సీటు అడుగున రబ్బరు బీడింగ్ (సందు మూసే పట్టీ) గట్టిపడి అణిగిపోతుంది. ఆ సందులోంచి వేడిగాలి లోపలికొస్తుంది.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక సీటు లేపండి. అంచు మీద కాగితం ముక్క పెట్టి, సీటు మూసి లాచ్ (సీటును బిగించే కొక్కెం) వేసి, ఆ కాగితాన్ని లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సందున్నట్టే. చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇలాగే చూడండి.

2. పాత బీడింగ్ తీసేసి, గమ్ము మొత్తం గీకి, తుడిచి, కొత్త బీడింగ్ అంటించండి. అతుకు వెనకవైపు రావాలి.

3. చాలామంది వదిలేసేది లాచ్. అది వదులుగా ఉంటే ఎంత మంచి బీడింగైనా దండగే. కొత్త బీడింగ్ మీద సీటు నొక్కి పట్టుకుంటేనే లాచ్ పడాలి. అలా పడకపోతే మెకానిక్‌తో సరిచేయించండి.

4. స్టీరియో కోసం వైర్లు లాగిన రంధ్రాలకు రబ్బరు గ్రోమెట్లు (రంధ్రంలో బిగించే రింగులు) పెట్టండి.

5. ఇంకా డబ్బులు మిగిలితేనే సీటు అడుగున అల్యూమినియం పూత ఉన్న హీట్ షీట్ వేయించండి. థర్మకోల్, స్పాంజి మాత్రం అక్కడ వద్దు, నిప్పంటుకుంటాయి.

పొగ వాసన కూడా వస్తుంటే ఇవన్నీ పక్కన పెట్టి ముందు సైలెన్సర్ లీకు చూపించండి. అద్దాలు మూసి అస్సలు నడపొద్దు.